కాగితపు చుట్టలు – చేతి కానుకలు

సెప్టెంబరు 5వ తేది సమీపించు కొలదియు పాఠశాలల చెంతనున్న పుస్తకముల అంగళ్ళలో రద్దీ హెచ్చును. ఉపాధ్యాయ దినోత్సవమునకై రంగుల కార్డులు, మెరుపు కాగితము చుట్టిన కలములు, ప్లాస్టిక్కు పూలు అమ్ముడుపోవును. వానితోబాటు కొంతకాలమునుండి మరియొక సరకు బల్లలపైకెక్కినది. అది ‘క్విల్లింగు’ పెట్టె. సన్నగా కోసిన రంగు కాగితపు పట్టీలు, కొన చీలిన చిన్న పుల్ల, జిగురుసీసా, ఏ చుట్టను ఎచ్చట అంటింపవలెనో తెలుపు నమూనా అందుండును. అంతటి ఓపిక లేనివారికి చుట్టలు చుట్టి, పూలు అంటించి, పేరు వ్రాయుటకు మాత్రము చోటు విడిచిన కార్డులును దొరకును. అవి చేతితో చేసినవని అంగడివాడు చెప్పును. ఎవరి చేతితో అన్న ప్రశ్న అచ్చట ఎవరును వేయరు.

పాఠశాల మాత్రము ఆ ప్రశ్న వేయక తప్పదు. “ఇంటివద్ద ఒక వస్తువును మీ చేతులతో చేసి తెండు” అని ఉపాధ్యాయుడు చెప్పును. ఆ రాత్రి తండ్రి అంగడికి పరుగిడును, తల్లి కత్తిరించును, అక్క అంటించును, ఎవరి పేర ఈ శ్రమ అంతయు జరుగుచున్నదో ఆ బాలుడు నిద్రించుచుండును. మరునాడు ఆ వస్తువు తరగతి గోడకెక్కును. తానే చుట్టి తెచ్చిన మరియొక బాలుని పువ్వు, రేకులు హెచ్చుతగ్గులై, జిగురు మరకలతో, సంచిలోనే మిగిలిపోవును. ఆనాడు ఇద్దరు బాలురును చెరియొక పాఠము నేర్చుకొందురు. పరుల శ్రమపై తన పేరు వ్రాసికొనుట తప్పు కాదని ఒకడు నేర్చును. తన చేయి ఎందుకును కొరగానిదని రెండవవాడు నేర్చును. ఈ రెండు పాఠములును ఏ పాఠ్యప్రణాళికలోను లేవు. అయినను పిల్లలకు ఇవి గణితముకంటె గట్టిగా వంటబట్టును.

కావున ఈ కాగితపు పని ఎట్టిదో, దానివలన పిల్లలకు దక్కవలసినది ఏదో ఒకింత విచారింపవలసియున్నది.

ఇంగ్లీషున ‘క్విల్’ అనగా పక్షి ఈక. ఈక కాడకు కాగితపు పట్టీని చుట్టి తీయుటవలన ఈ పనికి ఆ పేరు కలిగినదని చెప్పుదురు. ఐరోపా ఖండమున క్రైస్తవ మఠములలోని సన్యాసినులు బంగారు పూత గల కాగితపు పట్టీలను చుట్టి, పవిత్రావశేషములుంచు పేటికలను అలంకరించిరి. లోహపు తీగెల పనితనమును కాగితముతో అనుకరించుటయే దీని మూలసూత్రము. తెలుగువారికి ఈ తీగెపని క్రొత్త కాదు. వెండిని సన్నని తీగెగా లాగి, మెలివేసి, చుట్టలుగా చుట్టి, వానిని చట్రములందు పొదిగి పెట్టెలను, పళ్ళెరములను చేయు కరీంనగరపు పనివారి విద్యకు 2007లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అచ్చట వెండి, ఇచ్చట కాగితము. వ్రేళ్ళకు కావలసిన ఓర్పు మాత్రము రెండింటను ఒక జాతిదే.

18వ శతాబ్దమున ఈ పని ఇంగ్లండులోని సంపన్న గృహములలో స్త్రీల కాలక్షేపముగ మారినది. మూడవ జార్జి రాజు కుమార్తె ఎలిజబెత్తు సయితము దీనిని అభ్యసించినది. ఆ కాలమున కాగితపు చుట్టలతో అలంకరించిన తేయాకు పెట్టెలు నేటికిని మ్యూజియములందు కలవు. జేన్ ఆస్టెన్ 1811లో ప్రకటించిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ నవలలో ఒక యువతి ధనిక గృహిణి కుమార్తె కొరకు ఇట్టి బుట్టనొకదానిని చేయును. ఆ శ్రమలో పసిబిడ్డపై వాత్సల్యముకంటె తల్లి ప్రాపకముపై ఆశ హెచ్చు. చేతితో చేసినంతమాత్రమున కానుకకు నిష్కాపట్యము సిద్ధింపదని ఆ రచయిత్రి ఎరుగును. నేడు చేతిపనిని ఆకాశమునకెత్తువారును ఈ సంగతి మరువరాదు. ఎవరికొరకు, ఎందుకొరకు చేయుచున్నామన్న ఆలోచన లేని చేతి కానుకయు అంగడి కానుకవంటిదే.

పేరు పరదేశపుదైనను, కాగితముతో చేయు పని తెలుగు ఇండ్లకు పరాయిది కాదు. పాత కాగితములను నీట నానబెట్టి, మెంతులు చేర్చి రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన పాత్రపై మెత్తి, ఆరినపిమ్మట ఊడదీసి బుట్టలుగా వాడుకొన్న అవ్వలు కలరు. చిల్లులుపడిన చేటలకు ఆ గుజ్జే మందు. పెండ్లి పందిళ్ళకు రంగు కాగితపు తోరణములు, బొమ్మల కొలువునకు కాగితపు పూలు, సంక్రాంతికి గాలిపటములు ఇంటనే తయారైన కాలము మరీ దూరమైనది కాదు. ఆ పనులకు పెట్టెలో పెట్టి అమ్మిన సామగ్రి అక్కరలేకపోయినది. ఇంట ఉన్నదానితో కావలసినది చేసికొనుటయే ఆ విద్యలోని సారము. క్విల్లింగు పెట్టె ఆ సారమును తీసివేసి పిప్పిని మిగిల్చినది. అందు పట్టీ కోయు పని లేదు, రంగు ఎంచు పని లేదు, రూపము ఊహించు పనియు లేదు. మిగిలినది అంటించుట ఒక్కటే.

నిజమునకు ఈ పనికి కావలసిన వస్తువులు స్వల్పము. ఒక కత్తెర, ఒక స్కేలు, కొన చీల్చిన చీపురుపుల్ల, కొంచెము జిగురు చాలును. కాగితమునకు గడచిన యేటి క్యాలెండరు, పాత శుభలేఖలు, ఒకవైపు వ్రాసిన నోటుపుస్తకపు పుటలు ఉండనేయున్నవి. పట్టీ కొనను పుల్ల చీలికలో దూర్చి చివరిదాక చుట్టి, పుల్ల తీసి వదలినచో చుట్ట కొంత విచ్చుకొనును. అప్పుడు కొనను అంటించి, ఒకవైపు నొక్కిన నీటిబొట్టు, రెండువైపుల నొక్కిన కన్ను ఏర్పడును. ఆరు బొట్లను గుండ్రముగా పేర్చిన పువ్వగును. వదలక బిగువుగా అంటించిన చుట్ట పువ్వు నడుమ బొడ్డగును. ఒక గంటలో నేర్వదగినది. నేర్పు కుదురుటకు మాత్రము పెక్కు దినములు పట్టును.

గణితోపాధ్యాయుడు దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. సాధారణముగా వాడు ఎ4 కాగితపు వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7 సెంటీమీటర్లు. నిలువుగా 3 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసినచో 70 పట్టీలు వచ్చును. చిన్న పిల్లల చేతికి వీలుగా 5 మిల్లీమీటర్ల వంతున కోసినచో 42 వచ్చును. మొదటి డెబ్బదింటిని కొసకు కొస చేర్చినచో దాదాపు 21 మీటర్ల పొడవగును. కాగితపు మందము మిల్లీమీటరులో పదవ వంతు అనుకొన్న, ఒక పట్టీని బిగువుగా చుట్టినపుడు ఏర్పడు వృత్తపు వైశాల్యము పట్టీ పొడవును మందముతో గుణించిన లబ్ధమునకు ఇంచుమించు సమానము, అనగా 29.7 చదరపు మిల్లీమీటర్లు. దానినుండి వ్యాసము సుమారు 6 మిల్లీమీటర్లని తేలును. విద్యార్థి చుట్టి, కొలిచి చూచినచో మరికొంత హెచ్చు వచ్చును. ఆ హెచ్చు ఎచ్చటినుండి వచ్చినదని అడిగినచో పొరల నడుమనున్న గాలిని అతడే కనుగొనును. వృత్త వైశాల్యమును బోధించుటకు ఇంతకంటె చౌకయైన సాధనము దొరకదు.

ఇది క్రొత్త ఊహయు కాదు. కిండర్‌గార్టెను పద్ధతికి మూలపురుషుడైన ఫ్రోబెలు, కాగితమును మడచుటను, అల్లుటను పసిపిల్లల విద్యలో చేర్చెను. ఆ మడతల నుండియే స్ఫూర్తి పొంది టి. సుందరరావు 1893లో మద్రాసున కాగితపు మడతలతో రేఖాగణితమును బోధించు గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. అది విదేశములందును పునర్ముద్రితమై గణితజ్ఞుల మన్నన పొందినది. ఫిన్లండు దేశము 1866లోనే ప్రజాపాఠశాలలలో చేతిపనిని నిర్బంధ విషయముగ చేసినది. గాంధీమహాత్ముడు 1937లో వార్ధా సమావేశమున చేతివృత్తినే విద్యకు కేంద్రముగ నిలుపవలెనని కోరెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల వారికి పుస్తకముల సంచి లేని పది దినములను సూచించి, ఆ దినములలో స్థానికులైన పనివారి వద్ద వృత్తులను నేర్వవలెనన్నది. ఇన్ని తరముల పెద్దలు ఒకే మాట చెప్పినను, పరీక్షలు సమీపింపగనే మొదట బలియగునది చేతిపని పీరియడే.

దీనికి చెప్పు సమాధానములు కొన్ని కలవు. కాలము చాలదన్నది మొదటిది. పక్షమునకొక పీరియడు చాలును. అది గణితమునకును కొంత తోడ్పడునని పైన చూచితిమి. ఇది ఆడపిల్లల పని అన్నది రెండవది. వెండి తీగెలు చుట్టు పురుషుని ఎవరును ఆ మాట అనరు. కాగితము చుట్టు బాలుని అనుటకు కారణము లేదు. కాగితపు వస్తువు నిలువదు, తేమకు చెడును, రంగు వెలియును అన్నది మూడవది. ఇది నిజమే. అయితే కొన్న ప్లాస్టిక్కు పువ్వు నిలిచి చేయు మేలేమి? అది బీరువాపై దుమ్ముతో నిలిచి, తుదకు చెత్తకుప్పపైనను నిలిచియే ఉండును.

నాలుగవ మాటను మాత్రము తేలికగ తీసివేయరాదు. పిల్లలు చేసినది అందముగా ఉండదు, తల్లిదండ్రులు వచ్చినపుడు ప్రదర్శనకు పనికిరాదు అని కొందరు ఉపాధ్యాయులు అందురు. వ్యాధికి మూలము ఇచ్చటనే ఉన్నది. ప్రదర్శన పాఠశాల గొప్పను చాటుటకా, విద్యార్థి నేర్చినదానిని చూపుటకా? పాఠశాల గొప్పకే అయినచో అంగడి సరకునే తెచ్చి పెట్టుట నిజాయతీ గల మార్గము. పిల్లల పేర్లు వ్రాయుట మానిన చాలును. విద్యార్థి నేర్పును చూపుటకే అయినచో వంకర రేకుల పువ్వునకు గోడపై చోటుండి తీరవలెను. దాని ప్రక్కనే ఆ బాలుడు నెల దినముల తరువాత చేసిన రెండవ పువ్వును ఉంచినచో తల్లిదండ్రులకు చూడదగిన ప్రదర్శన అదియే.

వంకరతనమును మెచ్చుకొని ఊరకుండుటయు తగదు. “ఎట్లున్నను బాగున్నది” అను పొగడ్త పిల్లవానిని మోసగించును. జిగురు ఎందుకు పొంగినది, ఈ చుట్ట ఎందుకు వదులైనది, తరువాత ఏమి చేయవలెను అని అతనితో కూర్చుండి చూచువాడే గురువు. కానుక విషయమునను అంతే. చత్వారము వచ్చిన నాయనమ్మకు సన్నని చుట్టల పువ్వుకంటె, ఇంటివారి ఫోను నంబర్లను పెద్ద అక్షరములతో వ్రాసి, అంచులకు నాలుగు చుట్టలు అంటించిన అట్ట ఎక్కువ ఉపయోగము. బడిలో క్రొత్తగా చేరిన తమ్మునికి పుస్తకములో ఉంచుకొను గుర్తు కాగితము మేలు. పుచ్చుకొనువారిని తలచుకొని చేసినపుడే చేతిపని కానుకగును.

ఇక ఉపాధ్యాయులకిచ్చు కానుకల మాట. వెలగల వస్తువును విద్యార్థినుండి స్వీకరించుట, తేలేని పేద విద్యార్థిని తలవంచుకొనునట్లు చేయును. తరగతి అంతయు కలిసి గ్రంథాలయపు పుస్తకములకు గుర్తు కాగితములు చేసినచో, ఎవరు ఎంత పెట్టిరను ప్రశ్న పుట్టదు. కానుక ఎవరి బీరువాలోను దాగదు.

చేయవలసినది కష్టమైనది కాదు. కానుకను ఇంటిపనిగ ఇచ్చుట మాని తరగతిలోనే చేయింపవలెను. కొన్న సామగ్రిని తేరాదని ముందే చెప్పవలెను. అందమునకు మార్కులిచ్చుట మాని, ఇది ఎవరికొరకు చేసితివి, ఎచ్చట చిక్కు వచ్చినది అని అడిగి రెండు వాక్యములు వ్రాయింపవలెను. ఇంట సాయపడదలచిన తల్లిదండ్రులు ఒకసారి చుట్టి చూపి, పుల్లను బిడ్డ చేతికి తిరిగి ఇచ్చివేయవలెను. రానున్న సెప్టెంబరునకు ముందు తరగతి నల్లబల్లపై “పాత కాగితము, చీపురుపుల్ల, కత్తెర తెండు, మిగిలినది ఇచ్చటనే చేయుదము” అన్న ఒక్క పంక్తి వ్రాసిన చాలును.