పందెం వారిది, పద్దు ఎవరిది?

మన ఊళ్ల జాతరల్లో కొట్ల స్థలాలకు వేలం పాట జరుగుతుంది. పాటలో వచ్చిన డబ్బు గుడికో పంచాయతీకో చేరుతుంది. అంటే జాతర జరిపిన ఊరికే ఆదాయం. ఫార్ములా వన్ కారు పందేల తీరు దీనికి తలకిందులు. ప్రసార హక్కులు, ట్రాక్ పక్క ప్రకటనల ఆదాయం ప్రధానంగా ఫార్ములా వన్ సంస్థవే. పైగా పందెం నిర్వహించుకునేందుకు స్థానిక నిర్వాహకుడే దానికి ఏటా కోట్ల డాలర్ల రుసుము చెల్లిస్తాడు. అతనికి ముఖ్యంగా మిగిలేది టికెట్లు, తిండి, పార్కింగ్ సొమ్ము. ఆ రాబడి రుసుముకు చాలకపోతే లోటు పూడ్చేది ఎవరు? అమెరికా నగరాలు అరవై ఏళ్లుగా తేల్చుకుంటున్న ప్రశ్న ఇదే.

న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ 1961 నుంచి 1980 దాకా పందెం నడిపి, అప్పులపాలై ఆ భాగ్యాన్ని వదులుకుంది. డాలస్‌లో 1984లో ఒక్కసారితోనే ముగిసింది. ఫీనిక్స్‌లో 1989 నుంచి 1991 వరకు మూడేళ్లే సాగింది. ఇండియానాపొలిస్‌లో 2000లో మొదలైన పందెం రుసుముపై బేరం కుదరక 2007తో ఆగిపోయింది. లాంగ్‌బీచ్ మాత్రం వేరే దారి పట్టింది. ఖర్చు మితిమీరుతోందని గ్రహించి 1984లో ఫార్ములా వన్‌ను విడిచిపెట్టి, తక్కువ ఖర్చుతో నడిచే అమెరికా పందేలకు మారింది. ఆ నగర వీధుల్లో ఇప్పటికీ ఏటా పందెం జరుగుతోంది. పేరు కన్నా స్థోమత చూసుకున్న ఊరే నిలబడింది.

ఎందరో తెలుగువారు స్థిరపడిన ఆస్టిన్ ఈ చరిత్రలో కొత్త అధ్యాయం. అక్కడి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో 2012 నవంబరులో తొలి పందెం జరిగింది. టెక్సాస్ ప్రభుత్వం ఏటా 2.5 కోట్ల డాలర్ల వరకు సాయం చేసేందుకు ముందుకొచ్చింది. అయితే దానికొక సూత్రం ఉంది. పందెం వల్ల అమ్మకం పన్ను, హోటల్ పన్ను, అద్దె కార్ల పన్ను వంటివి అదనంగా ఎంత వస్తాయో రాష్ట్ర ఖజానా అధికారి అయిన కంప్ట్రోలర్ అంచనా కడతారు. స్థానికంగా ఒక డాలర్ సమకూరితే రాష్ట్రం 6.25 డాలర్ల వరకు జోడిస్తుంది. ఆస్టిన్ నగరం తన ఖజానా నుంచి ఇవ్వనంది. ఆ స్థానిక వాటాను నిర్వాహకులే భరించారు. ముందుగానే సొమ్ము చెల్లించాలన్న ఆలోచనపై విమర్శలు రేగడంతో, పందెం జరిగాకే ఇస్తామని కంప్ట్రోలర్ సుసాన్ కోంబ్స్ 2011లో ప్రకటించారు.

ఈ పద్ధతిలో క్రమశిక్షణ ఉంది. 2015 సంవత్సరానికి సాయం సుమారు 1.95 కోట్ల డాలర్లకు తగ్గింది. ఆ ఏడాదే భారీ వర్షాలకు అర్హత పోటీ ఆదివారానికి వాయిదా పడి, నిర్వాహకుల పరిస్థితి మరింత కష్టమైంది. 2018 పందానికి మానవ అక్రమ రవాణా నివారణ ప్రణాళికను గడువులోగా సమర్పించనందుకు సాయమే అందలేదు. ప్రజాధనం ఇచ్చేవారు షరతులను అంత ఖచ్చితంగా అమలు చేయడం హర్షించదగ్గ విషయం.

అయినా ఒక మౌలిక లోపం మిగిలింది. వచ్చిన డబ్బు వేరు, కొత్తగా వచ్చిన డబ్బు వేరు. ఆస్టిన్ నివాసి సినిమాకో విందుకో పెట్టే ఖర్చును పందెం టికెట్‌కు మళ్లిస్తే రాష్ట్రానికి ఒరిగేది శూన్యం. రద్దీకి జడిసి రావడం మానుకున్న మామూలు పర్యాటకుణ్నీ లెక్కలోంచి తీసేయాలి. 2022లో మూడు రోజులకు 4.40 లక్షల మంది హాజరయ్యారన్న సంఖ్య ఘనమైనదే. కానీ హాజరు వేరు, నికర లాభం వేరు.

మయామి, లాస్‌వేగస్‌లలో బరువు మరోచోట పడింది. 2022లో మయామి పందెం ఒక ప్రైవేటు స్టేడియం చుట్టూ మొదలైంది. స్థానిక సమాజానికి 50 లక్షల డాలర్ల విలువైన ప్రయోజనాలు ఇస్తామని నిర్వాహకులు మయామి గార్డెన్స్ నగరానికి హామీ ఇచ్చారు. 2023 నవంబరు నాటి లాస్‌వేగస్ పందాన్ని ఫార్ములా వన్ యజమాని లిబర్టీ మీడియానే నిర్వహించి, 24 కోట్ల డాలర్లతో 39 ఎకరాలు కొంది. లాభం ఆశించేవాడే పెట్టుబడి పెట్టాడు. అది న్యాయం. అయినా అక్కడి రోడ్ల పనులకు 4 కోట్ల డాలర్లు భరించమని స్థానిక కౌంటీ ప్రభుత్వాన్ని అడిగారు. నెలల తరబడి సాగిన పనులతో వ్యాపారం దెబ్బతిందని చిన్న దుకాణదారులు మొరపెట్టుకున్నారు. పెద్ద హోటళ్ల లాభం ఒకరి పద్దులో, వీధి చివరి దుకాణం నష్టం మరొకరి పద్దులో పడింది.

ఈ పాఠం మనకు పరాయిది కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. మరుసటి ఏడాది పందెం రద్దయింది. ఆ పందెం కోసం చేసిన చెల్లింపుల వ్యవహారం 2024 డిసెంబరులో ఏసీబీ కేసుగా మారింది. తప్పొప్పులు న్యాయస్థానం తేలుస్తుంది. ప్రజలకు కావాల్సింది మాత్రం ముందు జాగ్రత్త. ఒప్పందాన్ని పందానికి ముందే ప్రజల ముందు పెట్టాలి. సాయం పందెం జరిగాకే, నిజంగా పెరిగిన పన్ను ఆదాయం నుంచే ఇవ్వాలి. దారి మూసినందుకు నష్టపోయే చిరువ్యాపారిని లెక్కలో చేర్చాలి. నష్టం వస్తే లాభం కోరినవాడే మోయాలి.

జాతర ముగిశాక పాట డబ్బు లెక్క చావడిలో అందరి ముందూ చదివి వినిపిస్తారు. ఊరి రోడ్ల మీద ఎంత వేగంగా కార్లు నడిచినా, ఊరికి చెప్పాల్సిన లెక్క అదే.