బందూఖ్ కొంటే ఖౌఫ్ పోతుందా?



మా ఆపా కొడుకు డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చి ఏడాదైంది. ఈద్ వెళ్ళిన వారానికి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. నల్లటి ఏఆర్-15 రైఫిల్, కింద ధర. "ఇంటి హిఫాజత్ కోసం తీసుకుందామనుకుంటున్నా, మీ మష్వరా ఏంటి?" అని. సాయంత్రానికి నలభై మెసేజులు. జెడ్డాలో ఉన్నవాడు మాషా అల్లాహ్ అన్నాడు. టోలీచౌకీలో స్కూటర్ లైసెన్సు కూడా లేనివాడు ఏ కంపెనీది మంచిదో చెప్పాడు. ముందు ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న హదీసును ముగ్గురు గుర్తు చేశారు. వద్దన్నది ఇద్దరమే. మా ఆపా కారణం ఒక్క ముక్క: "నాకు భయం." నా కారణాలు గ్రూపులో పట్టవు గనక ఇక్కడ రాస్తున్నా. ఆ ఒక్క పిల్లాడి కోసమే కాదు. అక్కడున్న మన పిల్లలకు ఇక్కడ కూర్చుని బహాదురీ నూరిపోసే పెద్దల కోసం కూడా.

ఖౌఫ్ అబద్ధమని నేను అనను. 2015 నవంబరులో డాలస్ దగ్గరే ఇర్వింగ్‌లో ఇస్లామిక్ సెంటర్ ఎదురుగా కొందరు రైఫిళ్ళు పట్టుకుని నిలబడి నిరసన చేశారు. పిల్లల చెయ్యి పట్టుకుని ఆ దారిన మస్జిద్‌కు వెళ్ళాల్సిన తల్లి గుండెలో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో ఒకడు ఇద్దరు తెలుగు ఇంజినీర్లను చూసి ఇరానీలనుకున్నాడు. కాల్చాడు. ఒకరు చనిపోయారు. మనవాళ్ళు అనుకుని హిందూ బిడ్డను చంపాడన్న సంగతి మనం మరిచిపోకూడదు. 2019 మార్చి 15న న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో జుమాకు వచ్చినవాళ్ళ మీద రెండు మస్జిదుల్లో కాల్పులు. 51 మంది షహీద్. అందులో మన హైదరాబాదీలున్నారు. 2023 అక్టోబరులో షికాగో దగ్గర ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఆరేళ్ళ ఫలస్తీనీ బాబును ఇంటి ఓనరే 26 కత్తిపోట్లు పొడిచి చంపాడు. ఇవన్నీ తెలిసిన తండ్రికి రాత్రి నిద్ర పట్టకపోతే అందులో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు ఒక పని చెయ్యండి. ఒక్కో చోట మీ రైఫిల్‌ని పెట్టి చూడండి.

ఒలేథాలో ఆ ఇద్దరూ ఆఫీసు అయ్యాక ఒక హోటల్లో కూర్చున్నారు. మీ రైఫిల్ అప్పుడు ఎక్కడుంటుంది? ఇంట్లో, అల్మారాలో. అక్కడ లేచి అడ్డం వెళ్ళినవాడు ఒక తెల్లవాడు. వట్టి చేతులతో వెళ్ళాడు, తూటా తిన్నాడు, బతికాడు. ప్లెయిన్‌ఫీల్డ్‌లో తలుపు దగ్గరికొచ్చింది రోజూ కనిపించే ఇంటి ఓనర్. అద్దె తీసుకునే మనిషికి తలుపు తీసేటప్పుడు ఎవరైనా రైఫిల్ పట్టుకుని వెళతారా? క్రైస్ట్‌చర్చ్‌లో జనం నమాజులో ఉన్నారు. సలాతుల్ ఖౌఫ్ ఉంది కదా అని ఒక మౌలానా సాబ్ నాతో వాదించారు. ఉంది. అందులో ఒక జమాత్ నమాజు చేస్తుంటే ఇంకో జమాత్ కాపలా కాస్తుంది. అంటే కాపలా ఒక అప్పగించిన డ్యూటీ.  పైగా మన దీన్‌లో ఆయుధం గురించి ఉన్న అదబ్ ఏంటి? బాణాలు పట్టుకుని మస్జిద్ లోంచో బజారు లోంచో నడిచేవాడు వాటి మొనలు చేత్తో మూసి పట్టుకోవాలి, ఎవరికీ గీరుకోకుండా. నవ్వులాటకైనా సోదరుడి వైపు ఆయుధం చూపకూడదు. బాణం మొనకే అంత జాగ్రత్త చెప్పిన దీన్ మనది.

క్రైస్ట్‌చర్చ్‌లో రెండో మస్జిద్ లిన్‌వుడ్. అక్కడ ఆ హంతకుడి మీదికి పరిగెత్తిన అఫ్గాన్ సోదరుడి చేతిలో ఉన్నది కార్డు గీకే మిషను. దాన్నే విసిరాడు. వాడు పడేసిన ఖాళీ తుపాకీని ఎత్తి వాడి కారు అద్దం మీదికే విసిరాడు. ఆ దేశం ఆయనకు న్యూజీలాండ్ క్రాస్ ఇచ్చింది. ఇంకో మాట కూడా వినండి. నెల తిరక్కుండానే అక్కడి పార్లమెంటు ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను చాలావరకు నిషేధించింది. 119 ఓట్లు అటు, ఒక్కటి ఇటు. జనం దగ్గరున్నవి డబ్బులిచ్చి వెనక్కి తీసుకుంది. మజ్లూముల పట్ల హమ్‌దర్దీ అంటే అది. "మీరూ ఒకటి కొనుక్కోండి" అని ముసల్మాన్లకు చెప్పి చేతులు దులుపుకోలేదు.

"టెక్సస్ వేరు మామూ" అంటారు. సరే, టెక్సస్సే చూద్దాం. 2022 మే 24న ఉవాల్డేలో స్కూల్లోకి 18 ఏళ్ళ కుర్రాడు ఏఆర్ తరహా రైఫిల్‌తో దూరాడు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మొత్తం మీద 376 మంది పోలీసు, ఫెడరల్ సిబ్బంది అక్కడికి చేరారు. అందరి దగ్గరా ఆయుధాలున్నాయి, శిక్షణ ఉంది. ఆ గదిలోకి వెళ్ళడానికి వాళ్ళకు 77 నిమిషాలు పట్టింది. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలిసే ఆగారు. శిక్షణ ఉన్నవాడు ఆపిన ఉదాహరణా ఉంది, దాచను. 2023 మేలో డాలస్ దగ్గర అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపినవాణ్ని, వేరే పని మీద అక్కడే ఉన్న ఒక పోలీసు ఆఫీసర్ మట్టుబెట్టాడు. ఆ ఎనిమిది మందిలో మన హైదరాబాద్ ఇంజినీర్ అమ్మాయి ఒకరు. ఆ ఆఫీసర్ ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మన పిల్లాడు నెలకోసారి రేంజికెళ్ళి కాగితం బొమ్మను కాల్చి ఆయనతో సమానం అవుతాడా?

అసలు కొనబోయే వస్తువేమిటో కూడా తెలుసుకోవాలి. ఏఆర్ అంటే చాలామంది అనుకునే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ రైఫిల్. ఆ కంపెనీలో యూజీన్ స్టోనర్ 1950ల్లో తయారు చేశాడు. 1959లో కోల్ట్ కంపెనీ హక్కులు కొన్నది. వియత్నాంలో అమెరికా సిపాయిల చేతిలో ఎం16గా తిరిగింది దాని ఫౌజీ తోబుట్టువే. ఒక తూటా పేలితే ఆ గ్యాస్ బలమే ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి తర్వాతి తూటాను ఎక్కిస్తుంది. మీరు మళ్ళీ ట్రిగ్గర్ నొక్కడమే. మ్యాగజైన్‌లో మామూలుగా 30 తూటాలు. సెకనుకు మూడు వేల అడుగుల వేగం. ఆ వేగం వల్లే పిస్తోలు తూటా కంటే శరీరం లోపల ఎక్కువ చీల్చేస్తుంది. 1994లో ఇలాంటివాటి కొత్త అమ్మకాలను ఫెడరల్ చట్టం ఆపింది. 2004లో గడువు ముగిస్తే ఎవరూ పొడిగించలేదు. 2009లో తుపాకుల కంపెనీల సంఘం దీనికి మాడర్న్ స్పోర్టింగ్ రైఫిల్ అని పేరు పెట్టింది. పేరులో ఖేల్ వచ్చి చేరింది. ఆ సంఘం ఆఫీసు అప్పట్లో ఉన్నది కనెక్టికట్‌లోని న్యూటౌన్‌లో. 2012 డిసెంబరులో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు స్టాఫ్ చనిపోయిన సాండీ హుక్ స్కూలు ఉన్న ఊరు అదే.

ఆ స్కూల్లో వాడిన రైఫిల్ ఎవరు కొన్నారు? కాల్చినవాడి అమ్మ. చట్టప్రకారమే కొన్నది. వాడు ముందు ఇంట్లో అమ్మనే చంపి, తర్వాత స్కూలుకు వెళ్ళాడు.

మన ఖాందాన్ గ్రూపులో ఎవరూ మాట్లాడని విషయం ఇదే. ఇంటికి తెచ్చిన బందూఖ్ ఎక్కువ కాలం చూసేది ఇంట్లోవాళ్ళనే. 2021లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది ఖుద్‌కుషీ చేసుకున్నారు. అవును, వీటిలో ఎక్కువ పిస్తోళ్ళవే. రైఫిళ్ళతో జరిగే హత్యలు మొత్తంలో కొద్దిగానే ఉంటాయి. ఈ లెక్కను నా మీదికే విసిరే పిల్లలు ఉన్నారు, విసరనివ్వండి. కుంగిపోయిన మనిషికి చేతికందేది ఏదన్నదే నా ప్రశ్న. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కొడుకు నెల రోజులుగా ఎవరితో మాట్లాడకపోతే మనం డిప్రెషన్ అనం. నజర్ తగిలిందంటాం, దమ్ చేయిస్తాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆర్నెల్లు పడుతుంది. ఆ ఆర్నెల్లూ ఆ ఇంట్లో రైఫిల్ ఉండాలా? 2024 నవంబరులో జార్జియాలో మన తెలుగు విద్యార్థి ఒకరు కొత్తగా కొన్న వేట తుపాకీ తుడుస్తుండగా పేలి చనిపోయాడని ఇక్కడి పేపర్లన్నీ రాశాయి. పుట్టినరోజు నాడు. అదే ఏడాది సెప్టెంబరులో అదే జార్జియాలో తండ్రి కానుకగా ఇచ్చిన ఏఆర్ తరహా రైఫిల్‌తో 14 ఏళ్ళ కొడుకు స్కూల్లో నలుగురిని చంపాడని కేసు. తండ్రినీ అరెస్టు చేశారు. అక్కడి ఇళ్ళ గోడలు మన ఇటుక గోడలు కావు. చెక్క చట్రానికి జిప్సం పలకలు. చీకట్లో కంగారుగా కాల్చిన తూటా అవతలి గదిలో పడుకున్న పిల్లల దాకా పోగలదు.

వీసా సంగతి వేరే చెప్పాలి. హెచ్1బి, ఎఫ్1, హెచ్4 మీదున్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డున్న అన్న పేరు మీద తమ్ముడి కోసం కొనడం కూడా నేరమే. ఫారం 4473లో ఆ ప్రశ్న సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే జైలు. తుపాకీ కేసులో దోషిగా తేలితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయొచ్చు. షికాగోలో డెవాన్ చుట్టూ ఉండే మనవాళ్ళకైతే కొనే ప్రశ్నే లేదు. 2023 జనవరి నుంచి ఇలినాయ్‌లో ఈ రైఫిళ్ళ అమ్మకం బంద్.

"కానీ హఖ్ ఉంది కదా, రాజ్యాంగంలోనే ఉంది." ఉంది. 1791 నుంచి ఉంది. అది అందరి చేతిలో ఒకేలా పనిచేస్తుందా? 1967లో కాలిఫోర్నియాలో నల్లజాతి బ్లాక్ పాంథర్లు చట్టం అనుమతించినట్టే తుపాకులు పట్టుకుని అసెంబ్లీలోకి నడిచారు. అదే ఏడాది అక్కడి గవర్నర్ రోనాల్డ్ రీగన్ బహిరంగంగా నిండు తుపాకీ మొయ్యడాన్ని నిషేధిస్తూ సంతకం పెట్టాడు. 2016లో మినెసోటాలో ఒక నల్లజాతి మనిషి, పర్మిట్ ఉన్నవాడు, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకు తానే మర్యాదగా చెప్పాడు. క్షణాల్లో కాల్చేశారు. పక్కన భార్యలాంటి మనిషి, వెనక సీట్లో చిన్నపిల్ల. ఆ పోలీసును కోర్టు వదిలేసింది. ఇక గడ్డం, పేరులో ముహమ్మద్, కారు డిక్కీలో రైఫిల్. హైవే పక్కన కారు ఆపిన ఆఫీసర్‌కు మొదట గుర్తొచ్చేది రెండో సవరణ అంటారా?

మర్దానగీ గురించి ఒక్క మాట. సాండీ హుక్‌లో వాడిన రైఫిల్ కంపెనీ, అది కొంటే మగాడి కార్డు తిరిగి చేతికొచ్చినట్టేనన్న అర్థంలో ఇశ్తిహార్ వేసింది. పిల్లల తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 2022లో 7.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మన ఖాందాన్ గ్రూపులో ఆ రోజు నడిచింది ఆ ఇశ్తిహారే, ఉర్దూలో.

మరి ఒంటెను ఎలా కట్టాలి? మస్జిదులకు, చర్చిలకు, సినగాగులకు తలుపులు, కెమెరాలు, గార్డుల కోసం ఫెడరల్ ప్రభుత్వం నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ఇస్తుంది. మీ మస్జిద్ కమిటీ దరఖాస్తు పెట్టిందా? జుమా రోజు పార్కింగ్‌లో యూనిఫాం పోలీసును పెట్టడానికి చందా వేశారా? తలుపు దగ్గర ఎవరు నిలబడాలో డ్యూటీ లిస్టు ఉందా? పక్కింటివాళ్ళ పేర్లు తెలుసా, ఇఫ్తార్‌కు ఎప్పుడైనా పిలిచారా? రైఫిల్, సేఫ్, తూటాలు కలిపితే వెయ్యి డాలర్లు దాటుతాయి. ఆ డబ్బు అక్కడ పెట్టండి.

ఇంత చెప్పినా కొన్నవాళ్ళు, ఇప్పటికే ఉన్నవాళ్ళు ఉంటారు. తూటాలు వేరుగా, రైఫిల్ సేఫ్‌లో, తాళం ఒక్కరి దగ్గరే. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేకపోతే అది ఇంట్లోంచి బయటికి పోవాలి, ఆ రోజే. అమెరికా వెళ్ళే అమ్మీలకు, నానీమాలకు కూడా ఒక మాట. మనవణ్ణి ఆడుకోవడానికి ఏ ఇంటికి పంపినా ముందు ఫోను చేసి అడగండి, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసే ఉందా అని. కుక్క ఉందా, కరుస్తుందా అని ఎలాగూ అడుగుతాం కదా.