చుక్క కారలేదు సరే, ఇంజను నడిచిందా?

కిందటి వేసవి సెలవుల్లో మా బావమరిది కారులో తెనాలి బయలుదేరాం. అది హైబ్రిడ్ కారు. అంటే పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న బండి. జపానులో టయోటా కంపెనీ ‘ప్రియస్’ అనే హైబ్రిడ్ కారును 1997లోనే అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు మన రోడ్ల మీదా ఇలాంటివి కనిపిస్తున్నాయి.

దారిలో ఒక షెడ్డులో ఇంజనాయిలు మార్పించాం. అక్కడి కుర్రవాడు పాత ఆయిలు దించి, కొత్త ఫిల్టరు బిగించి, కొత్త ఆయిలు పోశాడు. బటను నొక్కితే ‘రెడీ’ అనే దీపం వెలిగింది. టార్చిలైటు వేసి కిందికి వంగి చూశాడు. “బండి ఆన్‌లోనే ఉంది సార్, చుక్క కూడా కారడం లేదు” అన్నాడు. నేనూ వంగి చూశాను. నిజమే, చుక్క లేదు. డబ్బిచ్చి బయలుదేరాం.

ఇరవై కిలోమీటర్లు పోయాక టీ తాగుదామని ఆగాం. బండి కింద అరచేయంత తేనెరంగు మరక! కొత్త ఆయిలే. చూసుకోకుండా అలాగే పోయి ఉంటే ఇంజను పాడైపోయేది.

మరి షెడ్డులో ఎందుకు కారలేదు? ఆలోచించండి.

ఇంజను అడుగున ఉండే చాంబరులో ఆయిలు 10 సెంటీమీటర్ల లోతు ఉందనుకుందాం. దాని సాంద్రత సుమారు 0.85. అప్పుడు అడుగున, ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడే బరువు ఎనిమిదిన్నర గ్రాములు మాత్రమే. కానీ ఇంజను తిరిగినప్పుడు పంపు ఆ ఆయిలును ఫిల్టరులోకి తోస్తుంది. అక్కడి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒకటి నుంచి నాలుగు కిలోలు. అంటే తక్కువలో తక్కువ వంద రెట్లు! డ్రెయిన్ బోల్టు వదులుగా ఉంటే ఇంజను ఆగి ఉన్నా చుక్కలు పడవచ్చు. ఫిల్టరు దగ్గరి లోపం మాత్రం పంపు తిరిగితేనే బయటపడుతుంది.

మామూలు కారు స్టార్టు చేస్తే ఇంజను తిరుగుతుంది. హైబ్రిడ్ కారులో ‘రెడీ’ దీపం వెలిగినంత మాత్రాన ఇంజను తిరుగుతున్నట్టు కాదు. బండి వేడిగా ఉండి, బ్యాటరీలో చార్జి ఉంటే ఇంజను నిద్రపోతూనే ఉంటుంది. ఆ రోజు జరిగింది అదే. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకు అతుక్కుపోయింది. దాని మీదే కొత్త రింగుతో కొత్త ఫిల్టరు బిగించారు. రెండు రింగులు ఆ పీడనానికి ఆగలేకపోయాయి.

తప్పు కుర్రవాడిది మాత్రమే అనను. పాతికేళ్ళకు పైగా పీడనం పాఠం చెబుతున్న నాకూ “ఇంజను తిరుగుతోందా?” అని అడగాలని తోచలేదు.

సరైన పద్ధతి ఏమిటి? ఫిల్టరు మార్చేటప్పుడు ఒలికిన ఆయిలును ముందు శుభ్రంగా తుడవాలి. లేకపోతే పాత మరకేదో, కొత్త లీకేదో తెలియదు. కింద శుభ్రమైన అట్ట పరచాలి. తర్వాత, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టు ఇంజను నిజంగా తిరిగేలా చేసి, ఆరుబయట కొన్ని నిమిషాలు నడపాలి. అప్పుడు బండి పూర్తిగా ఆఫ్ చేసి చూడాలి. ‘రెడీ’లో ఉండగా చెయ్యి పెట్టకూడదు. ఇంజను చెప్పకుండా తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. నారింజరంగు కేబుళ్ళను అసలే ముట్టకూడదు. వాటిలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. కాసేపాగి డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి.

అట్ట మీద తడి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఏసీ నీళ్ళు కావచ్చు. ఒక చుక్కను కాగితం మీద అద్దండి. నీరైతే ఆరిపోతుంది. ఆయిలైతే, వేరుశనగ పలుకు రుద్దినప్పటిలాగే, వెలుతురు కనిపించే మరక మిగులుతుంది.

ఇదంతా పెద్దవాళ్ళు చేసే పని. మీకెందుకు చెబుతున్నానంటే, మన ప్రయోగశాలలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. ఏ వస్తువులో విద్యుత్తు ప్రవహిస్తుందో చూడమంటాం. బల్బు వెలగకపోతే “ఇది బంధకం” అని రాసేస్తారు. బ్యాటరీ అయిపోయి ఉంటే? అప్పుడు రాగి తీగ కూడా బంధకమే! ముందు రాగి తీగ పెట్టి, బల్బు వెలుగుతోందని చూసుకున్నవాడికే తర్వాత “వెలగలేదు” అని రాసే హక్కు ఉంది.

‘లేదు’ అని చెప్పడం తేలిక. ఉంటే కనిపించేలా పరీక్ష చేశామా అన్నది అసలు ప్రశ్న. మేం ఉపాధ్యాయులం జవాబుకు మార్కులు వేస్తున్నాం కానీ, ఈ ప్రశ్న అడిగినందుకు వేయడం లేదు. ఇది మా లోపం. ఈ సంవత్సరం నుంచి మా తరగతిలో ప్రతి ప్రయోగానికీ పదిలో రెండు మార్కులు దీనికే కేటాయించాను. మొదట్లో పిల్లలు గొణిగారు. మొన్న ఒకమ్మాయి లిట్మస్ కాగితం రంగు మారలేదని రాసేముందు, అదే కట్టలోని ఇంకో కాగితాన్ని నిమ్మరసంలో ముంచి చూసింది. అదీ మారలేదు. కట్ట మొత్తం పాతబడిపోయింది. ఆ రోజు ప్రయోగం ముందుకు సాగలేదు. అయినా ఆ అమ్మాయికి పదికి పది వేశాను.