నాచు పేరు చెప్పి కొన్న కాలం

పదమూడేళ్లపాటు చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ ప్రపంచానికి పచ్చటి నీళ్లు చూపిస్తూ వచ్చింది. 2009 జూలైలో జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థ సింథటిక్ జీనోమిక్స్‌తో చేతులు కలిపి, నాచు నుంచి ఇంధనం తీయడానికి 60 కోట్ల డాలర్ల దాకా పెడతానంది. 2025 కల్లా రోజుకు 10,000 బారెళ్లు తీయగల స్థితికి చేరతామని 2018లో ప్రకటించింది. 2022 చివరికి తట్టాబుట్టా సర్దుకుంది. అప్పటికి ఖర్చయింది సుమారు 35 కోట్ల డాలర్లు.

ఒక్క 2018లోనే ఆ కంపెనీ పెట్టుబడి ఖర్చు దాదాపు 2,600 కోట్ల డాలర్లు. అంటే పదమూడేళ్ల నాచు పరిశోధన మొత్తం కలిపితే ఐదు రోజుల పెట్టుబడి. ఆ 10,000 బారెళ్లూ నిజంగానే వచ్చినా, అప్పట్లో రోజుకు 40 లక్షల బారెళ్లకు పైగా శుద్ధి చేస్తున్న సంస్థకు అది నాలుగు వందల్లో ఒక వంతు కూడా కాదు. ప్రకటనల్లో మాత్రం భవిష్యత్తంతా నాచే! ఐదు రోజుల డబ్బుతో ఆ కంపెనీ పదమూడేళ్ల కాలాన్ని కొనుక్కుంది. ఆ పదమూడేళ్లూ దాని బావుల్లోంచి చమురు వస్తూనే ఉంది.

ప్రయోగశాలల్లో కష్టపడ్డవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక రకం నాచులో కొవ్వును 20 శాతం నుంచి 40 శాతం దాటించామని వాళ్లు 2017లో ప్రచురించింది నికార్సయిన శాస్త్రం. నా కోపమంతా ఆ శాస్త్రాన్ని బ్యానరుగా కట్టుకుని ఊరేగినవాళ్ల మీద. ఎందుకంటే కష్టం ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు పెట్టి ఇదే పని చేసింది. మూడు వేలకు పైగా నాచు రకాలు సేకరించింది. న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌లో ఆరుబయట చెరువులు తవ్వి పెంచింది. అక్కడి రాత్రి చలికి దిగుబడి పడిపోయింది. ముడిచమురుతో ధరలో పోటీ పడలేమని 1998 నివేదికలో తేల్చి చెప్పింది. ఆ నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు.

చదవకపోయినా, భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల రైతునడిగినా చెబుతాడు. నీటి రంగు చూసి చెరువు ఆరోగ్యం పట్టేసే మనిషి ఆయన. రెండు రోజులు మబ్బు పట్టిందంటే గుండె దడ. పచ్చగా నిండుగా ఉన్న నాచు రాత్రికి రాత్రే చచ్చి అడుక్కు చేరుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ అందక రొయ్యలు గట్టువార నీటిపైకి తేలుతాయి, ఏరియేటర్లు ఎన్ని తిప్పినా ఆ నష్టం పూడదు. నాచు దానంతటది పెరిగిపోతుందని, మనం తోడుకోవడమే తరువాయని ఆయనకు ఎవరూ నమ్మబలకలేరు. పైగా తోడుకోవడమే పెద్ద ఖర్చు. ఆరుబయట చెరువులో వెయ్యి లీటర్ల నీళ్లు వడపోస్తే దొరికేది అర కిలో, మహా అయితే ఒక కిలో. దాన్ని ఆరబెట్టి, పిండి, నూనె తీయాలి. ప్రతి అడుగులోనూ కరెంటు కాలుతుంది.

ఎకరానికి ఏడాదికి లక్ష గ్యాలన్ల నూనె తీస్తామన్న కంపెనీలు కూడా పుట్టాయి. కిరణజన్య సంయోగక్రియ ఏ లోపమూ లేకుండా సాగినా ఎకరానికి 38,000 గ్యాలన్లు దాటవని, ఆచరణలో ఎంత బాగా చేసినా నాలుగైదు వేలేనని 2010లో పరిశోధకులు లెక్కగట్టి చూపారు. సూర్యుడు ఇవ్వనిదాన్ని అమ్మజూపడం మోసం. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

ఎరువు సంగతి ఇంకా ఘోరం. అమెరికా రవాణా ఇంధనంలో కేవలం 5 శాతం నాచు నుంచి రావాలంటే, పోషకాలను తిరిగి వాడుకోకపోతే, ఆ దేశం మొత్తం వాడే నత్రజనిలో 44 నుంచి 107 శాతం కావాలని అక్కడి జాతీయ పరిశోధనా మండలి 2012లో చెప్పింది. యూరియా బస్తా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి పడిగాపులు కాసిన రాష్ట్రాలు మనవి. ఆ యూరియాను ఇంధనం కోసం నీళ్లలో కలుపుతారా?

మదుపరుల గతి చూడండి. సోలజైమ్ అనే కంపెనీ నాచును ఎండలో కాదు, చీకటి ట్యాంకుల్లో చక్కెర పోసి పెంచింది. అమెరికా నౌకాదళం దాని దగ్గర 20,055 గ్యాలన్లు 85 లక్షల డాలర్లకు తీసుకుంది. అందులో పరిశోధన ఖర్చు కలిసే ఉన్నా, గ్యాలను 424 డాలర్లు పడింది. 2011లో షేరు 18 డాలర్లకు అమ్మి మార్కెట్లోకి వచ్చిన ఆ కంపెనీ, పేరు మార్చుకుని 2017లో దివాలా తీసింది. దాని ఆస్తులు సుమారు 2 కోట్ల డాలర్లకు పోయాయి.

నాచు నూనె పనికిరాదనడం లేదు. పసిపిల్లల పాలపొడిలో కలిపే డీహెచ్ఏ అనే కొవ్వు నాచు నుంచి వస్తోంది. నెబ్రాస్కాలోని బ్లెయిర్‌లో 2019లో తెరిచిన కర్మాగారం సాల్మన్ చేపల మేతకు చేపనూనె బదులు నాచు నూనె తీస్తోంది. మన రొయ్యల మేతలోనూ చేపనూనె పడుతుంది కనుక, ఆ పరిశోధన మన తీరానికి అక్షరాలా అన్నం పెట్టగలదు. కిలో లెక్కన విలువున్న నూనెను ఇంజన్లో పోసి కాల్చాలనడమే తెలివితక్కువతనం.

ఇప్పుడు మన దేశం అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం పర్యావరణహిత ఇంధనం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. నాచు కంపెనీలు మళ్లీ తలుపు తడతాయి. జట్రోఫా మొక్కను మరిచిపోకండి. దాన్ని నమ్ముకునే 2017 కల్లా 20 శాతం బయోడీజిల్ అన్నారు. ఆ ఏడాదికి అర శాతం కూడా కలవలేదు. మెట్ట భూముల్లో మొక్కలు నాటిన రైతులకు చెప్పిన దిగుబడీ రాలేదు, చెప్పిన ధరా రాలేదు.

అందుకే ప్రభుత్వాలను అడుగుతున్నాను: ఆరుబయట చెరువులో ఏడాది పొడవునా రోజుకు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు పండిందో, లీటరు నూనెకు ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు, ఎంత ఎరువు పట్టిందో జనం ముందు పెట్టనివాళ్లకు ప్రజల సొమ్ము ఒక్క రూపాయి ఇవ్వకండి, తీరంలో ఒక్క ఎకరం ఇవ్వకండి.