పుట్టబోయే బిడ్డకు లెక్క వేస్తే అరిష్టమా?

ఏడో నెల వచ్చిందంటే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. సీమంతానికి ఎంతమందిని పిలవాలి, ఒళ్ళో పెట్టే చీర ఎంతలో తేవాలి, ముత్తయిదువులకు గాజులతోపాటు జాకెట్ ముక్క చాలా, వియ్యాలవారికి ఎన్ని రకాల మిఠాయిలు, ఫంక్షన్ హాలా, మేడ మీద షామియానానా? అన్నీ రూపాయలతో సహా తేలిపోతాయి. అదే ఇంట్లో "కాన్పుకి ఎంత పక్కన పెట్టారు?" అని అడిగి చూడండి. ఒక్కసారిగా మాట ఆగిపోతుంది. "అలాంటివి ముందే అనుకోకూడదండీ" అంటారు ఎవరో ఒకరు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఉండేవాళ్ళకు ఇది రోజూ కనబడేదే. ఇటు బీసెంట్ రోడ్డు నిండా బట్టల కొట్లు, గాజుల బండ్లు. నాలుగు వీధులు దాటితే సూర్యారావుపేట నిండా నర్సింగ్ హోములు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు. ఇక్కడ చేతిలో డబ్బుతో బేరమాడిన మనిషే రెండు నెలల తర్వాత అక్కడ కౌంటరు దగ్గర ఫోను పట్టుకుని "బావా, ఒక యాభై వేలు సర్దగలవా?" అని అడుగుతుంటాడు. జీతాలు చాలకపోవడం ఒక కారణం, కాదనను. కానీ పుట్టబోయే బిడ్డ కోసం లెక్క వేసుకోవడమే అరిష్టమన్న నమ్మకం అంతకంటే పెద్ద కారణం. ఆచారం అడిగినదానికి అప్పు చేసైనా ఖర్చు పెట్టిస్తుంది, అవసరం అడిగినదాన్ని నోటితో అనొద్దంటుంది. ఎవరి మనసో నొచ్చుకుంటుందని మొహమాటపడకుండా ఈ నమ్మకాన్ని ప్రశ్నించాలి.

మా వీధిలో ఒక జంట ఉంది. అబ్బాయి సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు, అమ్మాయి ప్రైవేటు బడిలో టీచరు. ఐదో నెలలో ఆ అమ్మాయి లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీకి గీతలు కొట్టి పద్దులు రాసుకుంది. స్కానింగులు, రక్త పరీక్షలు, మందులు. మామూలు కాన్పయితే ఇంత, ఆపరేషనయితే ఇంత. తను బడికి వెళ్ళలేని నెలల్లో తగ్గే జీతం. ఆఖరున, బిడ్డను బాక్సులో పెట్టాల్సి వస్తే రోజుకు ఎంత అని. ఆ ఆఖరి పద్దు అత్తగారి కంట పడింది. "కడుపుతో ఉన్నదానివి, అలాంటి మాట చేత్తో రాస్తావేంటే అమ్మాయ్! నారు పోసినవాడు నీరు పోయడా?" అని ఆ కాగితం చింపించింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, నిజంగా భయపడింది. తర్వాత ఆ ఇంట్లో చీటీ పాడారు, పాటలో కోత పోగా వచ్చిన డబ్బుతో సీమంతం చేశారు. కాన్పు నాటికి అమ్మాయి గాజులు తాకట్టుకు వెళ్ళాయి.

నారు పోసినవాడు నీరు పోస్తాడన్న మాట కృష్ణా డెల్టాలో మాత్రం ఎవరూ అనకూడదు. ఈ ఊరి చరిత్రే దానికి సాక్ష్యం. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డునే ఉన్న గుంటూరు ప్రాంతంలో లక్షల్లో జనం ఆకలితో చచ్చిపోయారు. నది ఉంది, నారు పోసినవాడూ ఉన్నాడనే అనుకున్నారు, నీళ్ళు మాత్రం పొలానికి రాలేదు. ఇంజినీరు ఆర్థర్ కాటన్ పూనికతో, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1852 నుంచి 1855 దాకా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాకే కాలువలు పారాయి. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. మళ్ళీ ఇంజినీర్లూ కూలీలూ కష్టపడి 1957కల్లా ప్రకాశం బ్యారేజీ నిలబెట్టారు. ఏ కాలువకు ఎప్పుడు ఎన్ని క్యూసెక్కులు వదలాలో లెక్క కట్టి వదిలితేనే ఈనాటికీ దివిసీమ దాకా నాటు పడుతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊళ్ళోంచే పోతున్నాయి. ముందుచూపుతో వేసిన లెక్కల మీద బతుకుతున్న ఊరు మనది.

పురిటికి ముందు బిడ్డకు ఏమీ కొనకూడదన్న మాటకు ఒక మూలం ఉంది, దాన్ని గౌరవంగానే అర్థం చేసుకోవాలి. 1971లో కూడా మన దేశంలో వెయ్యి మంది పసిబిడ్డలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అంతకు ముందు ఇంకా ఎక్కువ. ఊయల కొని తెచ్చాక అది ఖాళీగా మిగిలితే ఆ తల్లి గుండె ఏమవుతుంది? కొనకపోతే ఆ దుఃఖం కాస్తయినా తగ్గుతుందని అప్పటివాళ్ళు అనుకున్నారు. అయితే కొనకపోవడం వల్ల ఒక్క బిడ్డ కూడా బతకలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగిందంటే కారణం టీకాలు, శుభ్రమైన కాన్పు, ఆసుపత్రి, నీరు, తిండి. వీటన్నిటికీ ముందస్తు ఏర్పాటు కావాలి. భయానికి కారణం చాలావరకు పోయింది, భయం మాత్రం ఆనవాయితీగా మిగిలి కుటుంబాన్ని చేతులు కట్టుకుని కూర్చోబెడుతోంది. పసిబిడ్డకు పాత బట్టలే వెయ్యాలనే అలవాటు మాత్రం నాకు నచ్చుతుంది. పదిసార్లు ఉతికిన మెత్తటి నూలు గుడ్డ బిడ్డ ఒంటికి మంచిది, ఖర్చూ లేదు. దాన్ని ఎండలో బాగా ఆరబెట్టి ముందే సిద్ధం చేసుకోవడానికి ఏ శకునం అడ్డు?

బంగారం సంగతి తక్కువలో చెబుతాను. సీమంతానికి పెట్టే గాజులు, బారసాలకు పెట్టే గొలుసు దాచుకున్న సొమ్మేనంటారు. కొనేటప్పుడు బంగారం మీద 3 శాతం జీఎస్టీ, పైన తరుగు, మజూరీ. అమ్మేటప్పుడు వీటిలో ఏదీ వెనక్కి రాదు. కాన్పు ఖర్చుకు దాచాలనుకుంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్టో, అవసరానికి అదే రోజు తీసుకోగలిగే పొదుపు ఖాతాయో మేలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్నది ముహూర్తం చూసి బిడ్డను తీయించడం. పంచాంగం చూపించుకుని, "ఫలానా తేదీ తెల్లవారుజామున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు" అని చీటీ రాయించుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళతారు. అమావాస్య వద్దు, మూలా నక్షత్రం వద్దు, ఆశ్లేష వద్దు. ఆ వేళకు మత్తు డాక్టరును, పిల్లల డాక్టరును రప్పించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. దేశం మొత్తం మీద 21 శాతం. ఇవన్నీ ముహూర్తాల వల్లేనని నేననను. నొప్పులంటే భయం ఉంది, ఆసుపత్రుల ఆదాయం ఉంది, డాక్టర్ల తీరిక ఉంది. నిజంగా అవసరమైనప్పుడు అదే ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. కానీ అవసరం లేకుండా, కేవలం గడియ కోసం కడుపు కోయించుకోవడం వేరు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక తల్లీబిడ్డల ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల ఆ ద్రవం ఇంకిపోవడం మొదలవుతుంది, పుట్టగానే గాలి పీల్చడానికి బిడ్డ సిద్ధమవుతుంది. నొప్పులు రాకముందే, అదీ 39 వారాలు నిండకముందే తీస్తే కొందరు పిల్లలకు ఊపిరి అందదు, ఆయాసపడతారు. అప్పుడు ఆక్సిజన్, బాక్సు, రోజుకు వేలల్లో బిల్లు. వైద్యపరమైన కారణం లేనిదే 39 వారాలకు ముందు కాన్పు చేయవద్దని ప్రసూతి వైద్యశాస్త్రం చెబుతోంది. పంచాంగంలో గర్భం వారాల లెక్క ఉండదు, తిథీ నక్షత్రం లాంటివే ఉంటాయి. ఆపరేషన్ అయిన తల్లికి తొలి గంటలో పాలివ్వడం కష్టమవుతుంది, ఆలోగా ఎవరో డబ్బా పాలు తెస్తారు. ఉచితంగా దొరికే పాలు పోయి నెలనెలా డబ్బా కొనే ఖర్చు మొదలవుతుంది. రెండో కాన్పుకు మళ్ళీ ఆపరేషనే కావచ్చు. శుభ గడియ అనుకున్నదాని నిజమైన ధర ఇంత. దక్షిణతో పోయేది కాదు.

పైగా ఆ నమ్మకంలోనే పొంతన లేదు. పుట్టిన గడియను బట్టే తలరాత అంటారు. ఆ గడియను సిద్ధాంతి ఎంచి, డాక్టరు కత్తితో ఖాయం చేయగలిగితే ఇక తలరాత ఎవరి చేతిలో ఉన్నట్టు? అదే లగ్నంలో, ఇదే ఊళ్ళో, హనుమాన్‌పేట పాత ప్రభుత్వాసుపత్రిలో నొప్పులు పడి కన్న కూలీ తల్లి బిడ్డకు కూడా అదే జాతకం. ఇద్దరి బతుకులూ ఒకటవుతాయని సిద్ధాంతి కూడా చెప్పడు. ఆ తేడా తెచ్చేది తిండి, చదువు, తండ్రి సంపాదన, ప్రభుత్వం. మనం దాచాల్సిందీ, అడగాల్సిందీ వాటి కోసం.

ఇలాంటి భయాలు లేకుండా పిల్లల్ని కని పెంచిన కుటుంబం మనకు దూరం కూడా కాదు. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు తెచ్చారు. గ్రహణం నాడు గర్భిణి కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని ఊరంతా వణికే రోజుల్లో సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు. పిల్లలకు పేర్లు పెట్టడానికి నక్షత్రం అక్షరం వెతకలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన అబ్బాయికి లవణం అని పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన అబ్బాయికి సమరం అని పెట్టారు. ఆ సమరం డాక్టరై ఈ ఊళ్ళోనే వైద్యం చేస్తూ, జనానికి శరీరం గురించి తెలుగులో విప్పి చెప్పారు. అందరూ నాస్తికులు కావాలని నేను అడగడం లేదు. గ్రహణానికి భయపడకపోతే ఏమీ కాదని ఆ తల్లి తన ఒంటి మీదే రుజువు చేసింది, దాన్ని చూడమంటున్నాను.

మూడో నెల నిండేదాకా నెల తప్పిన సంగతి బయటికి చెప్పకూడదనే అలవాటు ఇంకొకటి. చుట్టాలకు చెప్పకపోతే నష్టం లేదు. ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ కూడా చెప్పకుండా దాచేవాళ్ళున్నారు. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపు దిద్దుకునేది తొలి వారాల్లోనే. ఫోలిక్ యాసిడ్ అందాల్సింది అప్పుడే. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు, పేరు నమోదైతేనే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లులకు తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. నమోదు చేసుకుని, ఆరు నెలల లోపు కనీసం ఒక పరీక్ష చేయించుకుంటే 3,000, బిడ్డ పుట్టుక నమోదై తొలి టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తల్లికి భోజనం అన్నీ ఉచితం. ఇంటికి చేర్చడానికి 102 బండి కూడా ఉంది. పదిమంది పనిచేసే చోట ఏడాదిలో కనీసం 80 రోజులు చేసిన ఉద్యోగినికి 2017 చట్ట సవరణ నాటి నుంచి 26 వారాలు జీతంతో సెలవు హక్కు. మా వీధి టీచరమ్మాయిలాంటి వాళ్ళు అది తమకు వర్తిస్తుందో లేదో అడగను కూడా అడగరు. ఆరోగ్య బీమాలో కాన్పు ఖర్చు రావాలంటే చాలా పాలసీల్లో ముందుగా కొన్ని నెలల నుంచి కొన్నేళ్ళ దాకా ఆగాలి. అంటే పెళ్ళయిన కొత్తలోనే మాట్లాడుకోవాల్సిన సంగతి ఇది. "పిల్లల గురించి అప్పుడే మాటలేంటి" అని సిగ్గుపడే ఇంట్లో ఆ పాలసీ ఎప్పటికీ అక్కరకు రాదు.

ఇక ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న. తొలి కాన్పు పుట్టింటివారిదే అంటారు. పద్నాలుగూ పదిహేనేళ్ళకే అత్తారింటికి పోయిన పిల్ల తల్లి దగ్గరికి వచ్చి నాలుగు నెలలు విశ్రాంతిగా ఉండటానికి ఆ ఆచారం ఒకప్పుడు గొప్ప ఆసరా. తల్లి చేతి పథ్యం, తల్లి పక్కన నిద్ర ఈనాటికీ అమ్మాయికి మేలే చేస్తాయి. ఖర్చు మాత్రం వేరే సంగతి. పెళ్ళికి చేసిన అప్పు తీరకముందే రిటైరైన తండ్రి చలిమిడి, సూడిదలు, సీమంతం, ఆసుపత్రి బిల్లు, బారసాల, ఊయల, బిడ్డకు వెండి మొలతాడు అన్నీ వరసగా మోస్తున్నాడు. బిడ్డ మాత్రం మా వంశాంకురం అంటారు అవతలివాళ్ళు. ఈ లెక్కను మార్చడానికి శాస్త్రం చదవనక్కరలేదు, ఏ దేవుడితోనూ తగాదా పెట్టుకోనక్కరలేదు. అల్లుడు నోరు విప్పితే చాలు. "మావయ్యా, అమ్మాయిని మీ దగ్గర ఉంచండి, ఆసుపత్రి డబ్బు నేను దాచాను" అని ఐదో నెలలోనే చెప్పాలి. చెప్పడమే కాదు, మొదటి నెల నుంచీ దాచాలి. కేస్ షీటు మీద బిడ్డ తండ్రి అని రాసేది అతని పేరే.