పడుకుంటే పొడుస్తది, కూసుంటే తగ్గుతది: గుండె పొర వాపు ఎవరి జబ్బు?

ఫీల్డ్‌వర్క్‌లో ఒక ఎస్సీ కాలనీకి వెళ్లినప్పుడు రాళ్ల క్వారీలో పనిచేసే ఒకాయన నాతో అన్నాడు: ‘పడుకుంటే గుండెల్ల పొడుస్తది తమ్మీ, కూసుంటే తగ్గుతది.’ మూడు వారాలుగా గోడకానుకునే నిద్రపోతున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని గోలీలిచ్చాడు. చివరికి పెద్దాసుపత్రిలో 2డి ఎకో తీస్తే గుండె చుట్టూ నీరు చేరిందని తేలింది. కారణం టీబీ.

ఆయన చెప్పిన ఆ ఒక్క మాటలోనే సగం నిర్ధారణ ఉంది. వినేవాళ్లే లేకపోయారు.

గుండెను కప్పుతూ రెండు పొరల సంచి ఉంటుంది. దానికి వాపు వస్తే పెరికార్డైటిస్ అంటారు. ఛాతీలో పదునైన నొప్పి, ఊపిరి గట్టిగా పీల్చినా, దగ్గినా, వెల్లకిలా పడుకున్నా పెరుగుతుంది. లేచి ముందుకు వంగితే తగ్గుతుంది. కొందరికి మెడకు, భుజానికి పాకుతుంది. గుండెపోటు నొప్పి ఎక్కువగా బరువు పెట్టి నొక్కినట్టు ఉంటుంది, కూర్చునే తీరును బట్టి మారదు. అయినా ఈ తేడా చూసుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఛాతీ నొప్పి ఏదైనా ముందు ఈసీజీ తీయించాల్సిందే.

టీబీ వల్ల వచ్చే వాపు మాత్రం నెమ్మదిగా, వారాల తరబడి ముదురుతుంది. నొప్పి అంతగా ఉండకపోవచ్చు కూడా. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తాయి. నీరు ఎక్కువై గుండెను నొక్కితే అది రక్తంతో నిండలేదు. బీపీ పడిపోయి మనిషి సొమ్మసిల్లుతాడు. అప్పుడు సూదితో నీరు తీయకపోతే ప్రాణమే పోతుంది. ఆలస్యమైతే పొర గట్టిపడి గుండెను బిగించేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

వైరస్‌లు, కిడ్నీలు చెడిపోవడం, లూపస్, క్యాన్సర్, గుండెపోటు తర్వాతి వాపు కూడా కారణాలే. సంపన్న దేశాల్లో వైరస్‌దే మొదటి స్థానం అంటారు. టీబీ ఎక్కువున్న దేశాల్లో ప్రధాన కారణం టీబీయే. జబ్బు పేరు ఒకటే, కారణం మాత్రం మనిషి బతికే చోటును బట్టి మారుతోంది. ఇరుకు ఇల్లు, చాలని తిండి, క్వారీలో సిలికా దుమ్ము టీబీకి దారి వేస్తాయి. ఆ ఇల్లు, ఆ పని ఎవరి వంతుకు వచ్చాయో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

దీన్ని పేదల గుండె జబ్బుగా పట్టించుకున్నవాళ్లలో ముఖ్యుడు బొంగాని మయోసి. వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికాలో, ట్రాన్స్‌కీలో పుట్టిన నల్లజాతి డాక్టరు. 8 ఆఫ్రికా దేశాల్లో 1,400 మంది రోగులతో ఆయన బృందం చేసిన ట్రయల్ 2014లో వెలువడింది. స్టెరాయిడ్ ఇస్తే మరణాలు తగ్గలేదు కానీ పొర బిగుసుకుపోవడం తగ్గిందని తేలింది. మన దగ్గర, ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశంలో, ఇంత పెద్ద ప్రశ్న అడగాలని ఎందుకు అనిపించలేదో!

2025కల్లా టీబీని అంతం చేస్తామని కేంద్రం ప్రకటించింది. డబ్ల్యూహెచ్‌వో అంచనా ప్రకారం 2015లో లక్షకు 237 ఉన్న కొత్త కేసులు 2024లో 187కు తగ్గాయి. తగ్గుదలే, లక్ష్యానికి మాత్రం చాలా దూరం. పోషకాహారానికిచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబర్‌లో 1,000 చేశారు. గుండె పొరలో దాక్కున్న టీబీకి ఇది అందాలంటే ముందు అది దొరకాలి. తెమడ పరీక్షలో అది చాలాసార్లు బయటపడదు. ఎకో కావాలి, తీసిన నీటికి పరీక్షలు కావాలి. ఊరి నుంచి అక్కడికి బస్సు చార్జీ, పోయిన కూలీ ఎవరి లెక్కలోనూ లేవు.

హాస్టళ్లలో ఉండే విద్యార్థులకు ఒక మాట. మీ గదిలో ఎవరైనా రెండు వారాలు దాటి జ్వరంతో ఉండి, ఆయాసపడుతూ, పడుకోలేక కూర్చునే నిద్రపోతుంటే గ్యాస్ గోలీ ఇచ్చి ఊరుకోకండి. వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. తెమడలో ఏమీ లేదని పంపేస్తే ఎక్స్‌రే, ఎకో రాయమని అడగండి.