ఆడపిల్ల ఆటకి అమ్మ సంతకం

సంక్రాంతి వెళ్లి మాఘం వచ్చిందంటే మన హైస్కూళ్లల్లో వార్షికోత్సవం హడావుడి మొదలవుతుంది. మైదానంలో సున్నం గీతలు పడతాయి. డ్రిల్లు మేష్టారు ఈల వేసుకుంటూ కబడ్డీకి, ఖోఖోకి, టెన్నికాయిట్‌కి పిల్లల్ని ఏరుతుంటారు. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు నేనంటే నేనని పేర్లిస్తారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చాలా బడుల్లో జట్టు నిండడమే కష్టం. ఏరమ్మా వీళ్లంతా? ఇళ్లల్లో ఉన్నారు. "పెద్దమనిషి అయ్యింది, ఇంకా ఆ గెంతులేమిటి?" అని ఆపింది ఎవరో కాదు, చాలా ఇళ్లల్లో మనమే.

మన ఆమదాలవలసలో కూర్చుని ఈ మాట అనుకోవడం మరీ చిత్రం. ఎందుకంటే, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి పెరిగింది ఇక్కడి ఊసవానిపేటలోనే. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. ఇంటినిండా ఆడపిల్లలే. అప్పచెల్లెళ్లందరూ బరువులెత్తినవాళ్లే. వాళ్లకి నేర్పిన గురువు నీలంశెట్టి అప్పన్న గారు. మల్లీశ్వరికి అప్పుడు పన్నెండేళ్లు. బక్కపలచగా ఉంది, ఈ పిల్ల వల్ల కాదని మొదట ఆయన అనుకున్నారట. అప్పుడు "నువ్వు చెయ్యగలవు" అని వెన్ను తట్టింది తల్లి శ్యామల గారు. ఆ మాటే లేకపోతే ఆ కథ అక్కడితో ఆగిపోయేదేమో.

తరవాత జరిగింది దేశానికంతా తెలుసు. 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బరువుల పోటీ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఇంకో సంగతి గమనించండి. ఆమెకి 1997లోనే పెళ్లయింది. అంటే ఆ పతకం పెళ్లయిన మూడేళ్లకి వచ్చింది. ఎఫ్.సి.ఐ.లో పెద్ద ఉద్యోగం చేసింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ అయ్యింది. "ఆటలు కూడు పెడతాయా?" అనేవాళ్లకి ఇంతకన్నా ఏం చెప్పాలి!

అందరి పిల్లలూ మల్లీశ్వరులవుతారని నేననడం లేదు. కానక్కర్లేదు కూడా. కానీ పరుగెత్తిన పిల్లకి ఎముక గట్టిపడుతుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. ఓడిపోయి ఇంటికొచ్చి మర్నాడు మళ్లీ వెళ్లడం అలవాటవుతుంది. రేపు సంసారంలో ఆ అలవాటు అక్కరకొస్తుందని మీకూ నాకూ ఒకరు చెప్పాలా?

డ్రిల్లు మేష్టారంటే ఈల ఊదే మనిషని తేలిగ్గా తీసెయ్యకండి. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవారే. ఏ పిల్లలో ఏముందో మొదట కనిపెట్టేది ఆ మేష్టారే. మార్కుల కోసం లెక్కల మేష్టారిని కలుస్తాం కదా, అలాగే ఆయన్నీ, పీఈటీ మేడమ్ ఉంటే ఆవిణ్ణీ ఏడాదికోసారైనా కలవండి. సాధన ఎన్నింటికి ముగుస్తుంది? చీకటి పడితే పిల్లని ఇంటికెవరు చేరుస్తారు? మండలం దాటి జిల్లా పోటీలకి వెళ్తే వెంట ఆడ టీచరు ఉంటారా? రాత్రి బస ఎక్కడ? ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. అడిగి తెలుసుకుంటే పంపించడానికి ధైర్యం వస్తుంది. తెలుసుకోకుండా వద్దనేస్తే నష్టపోయేది పిల్లే.

ఇక ఆ మూడు రోజుల సంగతి. ఓపికుంటే ఆడుకోవచ్చు, తప్పేం లేదు. నొప్పి ఎక్కువైతే ఆ పూట కూర్చోనివ్వండి. సంచీలో ఒక ప్యాడు, ముదురు రంగు లాగు ఎప్పుడూ ఉంచండి. ఎంతోమంది పిల్లలు మైదానానికి రాకపోవడానికి తెల్ల బట్టల భయమే కారణం. సాధన ఎక్కువై వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే మాత్రం డాక్టరుకి చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యం తిండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. నాలుగు చుట్లు తిరగగానే మన పిల్ల ఆయాసపడి కూర్చుండిపోతే అది బద్ధకం కాకపోవచ్చు. బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో, సంచీలో దాస్తోందో చూడండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ ఇవ్వకండి, తిన్న ఇనుముని అది ఒంటికి పట్టనివ్వదు. అన్నకి రెండు గుడ్లూ చెల్లికి అరగుడ్డూ అనే లెక్క ఇంట్లో ఉంటే ఈ రోజే మార్చేయండి.

మన చోళ్లని మించిన బలం ఏముంది? నూరు గ్రాముల చోళ్లల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది దాటదు. రాత్రి రెండు చెంచాల చోడిపిండి గ్లాసుడు నీళ్లల్లో కలిపి ఉంచండి. పొద్దున్న ఉండ కట్టకుండా కలియబెడుతూ సన్నసెగన కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి ఇవ్వండి. సాయంత్రం సాధనకి వెళ్లేముందు ఒక నువ్వుండో, గుప్పెడు వేయించిన శనగలో చేతిలో పెడితే చాలు. సీసాలో నీళ్లు మరిచిపోకండి, ఎండలు ముదిరే కాలం.

"నల్లబడిపోతుంది, చెయ్యి విరిగితే రేపు పెళ్లెలా అవుతుంది?" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. అత్తగారికి ఎదురు చెప్పమని నేననను. మల్లీశ్వరి మన ఊరి పిల్లేనని, మూడుముళ్లు పడ్డాకే పతకం పట్టుకొచ్చిందని నెమ్మదిగా చెప్పి చూడండి. ఈ వారం మీ అమ్మాయి పోటీల అంగీకార పత్రం తెస్తే, "నాన్నగారిని అడుగు" అని పక్కన పెట్టకండి. ఆయనతో మీరే మాట్లాడి, దాని మీద మీ సంతకం మీరే పెట్టండి.